మునిగిన ఊరి వాయిదా

వాంగ్మూలం ఒకటి. అమావాస్య పోటు.

నువ్వెవరో నాకు తెలియదు. ఇది చదువుతున్నావంటే మా కేసు తీరిపోయిందన్నమాట. ఫిర్యాదు పెట్టుకునేవాళ్లకు కోర్టువారిచ్చే మాటల పెట్టె ఇది, కేసు తీరేదాకా ఇందులోని మాటలు జడ్జీలు కూడా వినకూడదని వాళ్ల నియమం. అందుకని దాపరికం లేకుండా చెబుతాను.

నా పేరు గుబ్బల సూరాయమ్మ. ఊరు నక్కవారిలంక. నాకు అక్షరం ముక్క రాదు. నేను బడిలో చేరాల్సిన ఏడు గోదారి మా బడిని కోసుకుపోయింది. మళ్లీ కట్టేసరికి నాకు పెళ్లీడు వచ్చేసింది. నేను మాట్లాడింది ఈ పెట్టె పుస్తకాల తెలుగులోకి మార్చి రాసుకుంటుందట, ఒకరితో ఒకరన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచుతుందట. రాసుకోనీ, తిట్లు మాత్రం తీసెయ్యొద్దని చెప్పాను. "అభ్యంతరకరమైన పదాలు సవరించబడతాయి" అంది. ఆ మాటకే దాన్ని ఒక తిట్టు తిట్టాను. దాన్నేమని రాసుకుందో మరి.

నక్కవారిలంక ఇప్పుడు నీళ్ల కింద ఉంది. సముద్రం పైకొచ్చింది, గోదారి దానికి ఎదురెళ్లింది, మధ్యలో మేం దొరికాం. మా ఇళ్లు పీపాల మీద తేలుతుంటాయి. పాతిక గడపలం. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయినది మంచినీళ్ల ట్యాంకు. దాని నెత్తి, స్తంభాల పైభాగం ఇంకా నీటి మీదే ఉన్నాయి. మా ఇళ్ల తాళ్లన్నీ ఆ స్తంభాలకే. పోటొస్తే ఇళ్లు లేస్తాయి, పాటొస్తే దిగుతాయి, ఊరు మాత్రం అక్కడే ఉంటుంది. నీరు తేటగా ఉన్న రోజున కింద బస్సు షెల్టరు కప్పు కనిపిస్తుంది. దానికి ఇవతల నా ఇల్లు. పొద్దున్నే తాళ్లకు పట్టిన ఆల్చిప్పలు గీక్కుంటూ నేను నా వంటింటి మీదే కూర్చుంటాను. ఎంతమందికి దక్కింది అది?

మొన్న జలసాగు మండలివాళ్ల ఎగిరే యంత్రం ఒకటి వచ్చి మా నెత్తిన నిలబడి నోటీసు చదివింది. ఇక్కడంతా చేపల పంజరాలు దించుతారట. పెద్ద పడవలకు ట్యాంకు అడ్డమట. దసరా లోపల కూల్చేస్తారట. మమ్మల్ని మెట్ట మీద కాలనీకి లాక్కెళ్లి, ఖాళీ ఉన్నచోటల్లా ఒక్కో కుటుంబాన్ని పెడతారట. యంత్రం వెళ్లిపోయాక మా వాళ్లందరూ నా మొహం చూశారు. ఊళ్లో కోర్టు మెట్లెక్కిన మనుషులం ఇద్దరమే మిగిలాం మరి. నేనూ, కుడుపూడి పల్లాలయ్యా.

రేపు రేషను పడవ వస్తుంది. జడ్జీలు దాన్లోనే వస్తారు.

వాంగ్మూలం రెండు. మర్నాడు, పాటు తీశాక.

జడ్జీలంటే మనుషులు కారు. బియ్యం, నూనె, బ్యాటరీల పక్కన రెండు పెట్టెలు. ఆకుపచ్చది నేల జడ్జి, నీలంది నీళ్ల జడ్జి. ఎదురుగా నిలబడి మన గోడు చెప్పుకుంటే ఊపిరి తీసుకునేలోపల తీర్పు చెప్పేస్తాయి. మన కోపం ఇంకా నోట్లోనే ఉంటుంది, తీర్పు చేతిలో పడిపోతుంది.

ముందు ఆకుపచ్చదాని దగ్గరికి వెళ్లాను.

"ఫిర్యాది నివాస స్థలం?"

"నక్కవారిలంక."

"ఆ స్థలంలో నేల లేదు. ఈ న్యాయస్థానానికి విచారణాధికారం లేదు. తరువాతి వారు రావచ్చు."

"నేల లేకపోడమేంటి? కిందుంది. దిగి చూడు."

"తరువాతి వారు రావచ్చు."

నీలందాని దగ్గరికి వెళ్లాను. పల్లాలయ్య నా బియ్యం బస్తా ఒక చివర పట్టుకుని వెనకే నిలబడ్డాడు. మా ఇళ్లు పక్కపక్కనే, నా బస్తా అతను మోస్తాడు, అతని అన్నం నేను వండుతాను. నీళ్ల జడ్జి అంతా విని చెప్పింది: "ఈ న్యాయస్థానం అధికారం పడవలు, వలలు, చేపలు, నీటి మార్గాల వరకే. ట్యాంకు నేలలో పునాది గల కట్టడం. విచారణాధికారం లేదు."

"నేలంటే నీళ్లంటారు, నీళ్లంటే నేలంటారు. మేం గాల్లో బతుకుతున్నామా?" అని అరిచాను.

"అదీగాక," అంది పెట్టె, "ఈ గ్రామ భూమిపై జిల్లా కోర్టులో ఒక పాత వ్యాజ్యం నడుస్తోంది. అది తీరే వరకు ఈ ప్రాంతం ఆ కోర్టు పరిధిలోనిది. వాది గుబ్బల సూరాయమ్మ. ప్రతివాది కుడుపూడి పల్లాలయ్య."

పల్లాలయ్య బస్తా వదిలేశాడు.

"వదినా, మన కేసే! అదింకా బతికే ఉందా?"

నాకు నవ్వొచ్చింది. ఆ తరవాత ఎందుకో కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. చచ్చిపోయాడనుకున్న చుట్టం గుమ్మంలో నిలబడి పిలిచినట్టయింది.

వాంగ్మూలం మూడు. విదియ.

ఈ రోజు పనేమీ సాగలేదు. చేపలు ఎండేసి కాకుల్ని తోలడం మానేసి పాతవన్నీ తలుచుకుంటూ కూర్చున్నాను.

నేను కడుపుతో ఉండగానే మా ఆయన సుబ్బారాయుడు పోయాడు, కొబ్బరితోట నా చేతికొచ్చింది. పక్కది పల్లాలయ్య అరటితోట. మధ్యలో మూడు మూరల గట్టు, దాని మీద ఒక పంపరపనస చెట్టు. సరిహద్దు రాయి చెట్టుకు అటుంటే చెట్టు నాది, ఇటుంటే వాళ్లది. నేను పురిటికి పుట్టింటికి వెళ్లేటప్పుడు రాయి అటుంది. పిల్లనెత్తుకుని వచ్చేసరికి ఇటుంది. ఆ ఏడే దావా వేశాను.

కోర్టు తాలూకా పట్నంలో ఉండేది. బోర్డు మీద పేరు మారినా మేమంతా మునసబు కోర్టనే అనేవాళ్లం. వాయిదా రోజున రేవులో మొదటి పంటు ఎక్కాలి, ఏరు దాటి బస్సు పట్టుకోవాలి. మా లంక నుంచి ఆ వేళకు వెళ్లే పంటు ఒకటే. అందుకని వాదీ ప్రతివాదీ ఒకే పంటు ఎక్కేవాళ్లం. పంటు దిగేటప్పుడు బల్ల జారుతుంది, పల్లాలయ్య చెయ్యిచ్చేవాడు. బస్సులో కిటికీ సీటు నాకు వదిలేవాడు. ఆకలేస్తే నా క్యారేజీలో పులిహోర ఇద్దరం తినేవాళ్లం, అతను మూటలోంచి చక్రకేళీలు తీసేవాడు. కోర్టు గేటు కనపడగానే మాట్లాడటం మానేసేవాళ్లం. అతను వాళ్ల వకీలు వెనక్కి, నేను మా వకీలు వెనక్కి. సాయంత్రం మళ్లీ అదే బస్సు.

బిళ్లబంట్రోతు గుమ్మంలోకి వచ్చి పేరు మూడుసార్లు పిలిచేవాడు. నా పేరు అంత గట్టిగా, అంత మర్యాదగా పిలిచినవాడు నా జన్మలో ఇంకొకడు లేడు. వరండాలో టైపు మిషన్ల చప్పుడు, వకీళ్ల కోట్ల చంకల్లో చెమట మరకలు, గుమాస్తాలు టీ గ్లాసులు చేత్తో పట్టుకుని పరిగెత్తడం. చెప్పుకుంటే ఏముంది అందులో? అయినా తలుచుకుంటే కడుపులో మెత్తగా ఉంటుంది.

జడ్జీలు మారేవారు. ఒకాయన యాలక్కాయ నములుతూ వినేవాడు. ఒకావిడ చంటిపిల్లను లోపలి గదిలో పడుకోబెట్టి వచ్చి కూర్చునేది. పిల్ల ఏడిస్తే మా కేసు ఆగిపోయేది, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఇంకొకాయన చెవులు సరిగ్గా వినపడక అన్నీ రెండుసార్లు అడిగేవాడు. ఆయనంటేనే నాకిష్టం, రెండోసారి నేను ఇంకా బాగా చెప్పేదాన్ని. ఎంతమంది మారినా మా గట్టు సంగతి కొలతలకని, సాక్షులకని వాయిదా పడుతూనే ఉండేది. విసుగొచ్చేది. కానీ వాయిదా అంటే ఇంకో రోజుంది అని కదా. ఇంకోసారి చెప్పుకోవచ్చు అని కదా. ఈ పెట్టెలకు వాయిదా వెయ్యడం తెలియదు.

ఆ తరవాత పెద్ద ముంపు వచ్చింది. కోర్టూ మునిగింది, గట్టూ మునిగింది, రాయీ చెట్టూ మునిగాయి. కేసు కాగితాలు మాత్రం జిల్లా కోర్టుకు చేరాయన్నమాట.

వాంగ్మూలం నాలుగు. పంచమి.

మెట్ట మీద జిల్లా కోర్టుకు వెళ్లొచ్చాను. పల్లాలయ్య మనవరాలు వైనతేయ తన లాంచీలో తీసుకెళ్లింది. పెద్దపిల్లే, లాంచీ బతుకుతెరువు దానికి. తల్లీ తండ్రీ ముంపులో పోతే తాతే పెంచాడు.

కోర్టు అంటే ఒకటే హాలు. బెంచీలన్నీ ఖాళీ. ఈ జిల్లా మొత్తానికి మనిషి జడ్జి ఒక్కరే మిగిలారు, నల్లమిల్లి తారకేశ్వరిగారని. ఆ పెట్టెలు 'మావి కావు' అని తోసేసిన కేసులే ఆవిడ వింటారట. బయట గదిలో కోర్టు కాగితాలు చూసే సిరస్తాదారు, తల పండిన మనిషి, నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు.

"కక్షిదారేనా మీరు? నిజంగా వచ్చారా?" అన్నాడు. "కూర్చోండమ్మా, కూర్చోండి. మనుషులొచ్చి ఎన్నాళ్లయిందో. మంచినీళ్లు తాగుతారా?"

ఆయనే వివరంగా చెప్పాడు. ఒక ఊరి భూమి మీద కోర్టులో కేసు నడుస్తున్నంతకాలం ఆ ఊరి పేరు జిల్లా జాబితాలోంచి కొట్టెయ్యకూడదు, అక్కడి కట్టడాన్ని ఎవరూ కదపకూడదు. మునిగిన ఊళ్లన్నీ కేసులు తీరి ఒక్కొక్కటే జాబితాలోంచి పోయాయట. మాదొక్కటే మిగిలిందట. మండలివాళ్లకు ఆ సంగతి తెలిసి, అది ఉత్తుత్తి కేసు, కొట్టెయ్యమని అర్జీ పెట్టుకున్నారు. దశమినాడు విచారణ.

"జడ్జిగారు అడిగేది ఒక్కటేనమ్మా," అన్నాడు. "మీ ఇద్దరి మధ్యా తగువు ఇంకా ఉందా, లేదా? ఉంటే ఊరుంది. లేదంటే ట్యాంకు పోతుంది."

"ఇంతేనా?" అన్నాను. "దానికేం భాగ్యం!"

తిరుగుప్రయాణంలో వైనతేయ ట్యాంకు కనపడే దూరానికి వచ్చాక లాంచీ నెమ్మది చేసింది.

"మామ్మా, తాతని నువ్వే అడుగు. ఆయన అబద్ధం చెప్పడు, తెలుసుగా."

"అబద్ధం ఎవరు చెప్పమన్నారే?"

"అదే మరి. తగువు లేదనుకుంటున్నాడు ఆయన."

వాంగ్మూలం అయిదు. షష్ఠి.

అడిగాను. చేపల పులుసు పెట్టి, రెండో ముద్ద కలిపాక అడిగాను.

"తగువెక్కడుందొదినా?" అన్నాడు పల్లాలయ్య. "ముంపు రోజున ట్యాంకు మీద కూచున్నప్పుడే పోయిందిగా. ఇంకెక్కడి గట్టు, మనం మనం ఒకటేనన్నాను. నీ పొడి తువ్వాలు నాకిచ్చావు. రాజీ అంటే అది కాకపోతే ఇంకేంటి?"

"నువ్వన్నావు. నేను అవునన్నానా?"

"కాదని కూడా అన్లేదుగా!"

"చలికి పళ్లు కొట్టుకుంటంటే ఏమంటాను? నువ్వు వణుకుతున్నావు, తువ్వాలిచ్చాను. కుక్క వణికినా ఇత్తాను."

"కుక్కతో పోల్చావా నన్ను?"

"పోల్చాను. కోపం తెచ్చుకో. ఆ కోపమే దశమినాడు జడ్జిగారికి చూపించు."

అతను నవ్వాడు. అదే నాకు మండింది. "నాకు కోపం రాట్లేదొదినా. ముసలాణ్ణయిపోయాను. ప్రమాణం చేసి అబద్ధం ఆడలేను," అన్నాడు.

"పాతిక గడపలు పోతాయి రా!"

"తెలుసు. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. అయినా లేని తగువు ఉందని ఎలా చెప్పను?"

మిగతా పులుసు అతనికే వంచేసి గిన్నె ఎత్తుకొచ్చేశాను. మంచివాళ్లతో వచ్చే చిక్కే ఇది. వాళ్లను తిట్టడానికి నోరు రాదు, ఒప్పించడానికి మాట దొరకదు.

వాంగ్మూలం ఆరు. అష్టమి.

మండలివారి వకీలు తెల్ల పడవలో వచ్చాడు. సుహాసో ఏదో పేరు, కుర్రవాడు, మాట మెత్తన. తిన్నగా పల్లాలయ్య ఇంటికే వెళ్లాడు. మధ్యలో తడిక ఒకటే అడ్డం, ప్రతి మాటా వినపడుతుంది. వినపడకపోయినా వినేదాన్నే.

"తాతగారూ, మీరు కొత్తగా ఏం చెయ్యక్కర్లేదు. జరిగిన రాజీ జరిగిందని చెప్పండి చాలు. కాలనీలో కింది అంతస్తు ఇల్లు మీకు పెట్టించాను. ముందు పెరడుంది. నేల, తాతగారూ. నిజం నేల."

"మట్టా?" అన్నాడు పల్లాలయ్య.

"నల్లరేగడి. అదిగో, చూస్తారని తెచ్చాను."

తడిక సందులోంచి చూశాను. చిన్న కుండీ. పల్లాలయ్య దాని ముందు గొంతుక్కూర్చుని చెయ్యి మణికట్టు దాకా మట్టిలోకి పెట్టి ఉంచాడు. ఒకప్పుడు ఆ చేత్తో ఎకరాల కొద్దీ అరటి పిలకలు నాటాడు. వకీలు తెలివైనవాడు, కుండీ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

నేను పోట్లాటకనే తడిక తోసుకుని వెళ్లాను. అతను తలెత్తి చూశాడు.

"గుమ్మడి పాదు పెట్టొచ్చొదినా," అన్నాడు.

తిరిగి వచ్చేశాను. నాకూ ఆ మట్టి వాసన వచ్చింది.

వాంగ్మూలం ఏడు. దశమి. కోర్టు నుంచి వచ్చాక.

గొంతు పోయింది. అయినా ఈ రోజే చెప్పాలి.

వైనతేయ లాంచీలో ఇద్దరం వెళ్లాం. ఊళ్లోవాళ్లు ట్యాంకు చుట్టూ నిలబడి పంపించారు, పెళ్లికి పంపినట్టు కాదు, ఆస్పత్రికి పంపినట్టు. దారిలో పల్లాలయ్య చెయ్యి పట్టి లేపితే లేచాను, కూర్చోబెడితే కూర్చున్నాను.

సిరస్తాదారు స్వయంగా గుమ్మంలోకి వచ్చి పేర్లు మూడుసార్లు పిలిచాడు. బంట్రోతు పోస్టు ఎత్తేశారట, అయినా పిలవాలనిపించిందట. నా పేరు విని లేచేసరికి మోకాళ్ల నొప్పి కూడా తెలియలేదు.

జడ్జిగారు సన్నగా ఉన్నారు, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకున్నారు. వకీలు మొదలెట్టాడు. వీళ్లది కాగితం మీది తగువు తప్ప నిజం తగువు కాదన్నాడు. పక్కపక్కనే ఉంటారన్నాడు. ఈవిడ వండితే ఆయన తింటాడు, ఆయన మోస్తే ఈవిడ తెచ్చుకుంటుంది, ఈ రోజు కూడా ఒకే లాంచీలో వచ్చారు, శత్రువులు ఇలా ఉంటారా అన్నాడు.

"సూరాయమ్మగారూ, ఏమంటారు?" అని అడిగారు జడ్జిగారు.

"అమ్మా, ఆ బాబు చిన్నోడు. కోర్టులు చూల్లేదు," అన్నాను. "మా మునసబు కోర్టుకి ఎప్పుడెళ్లినా ఒకే పంటు మీద ఎల్లేవోళ్లం. ఒకే క్యారేజీలో తినేవోళ్లం. ఈయన చెయ్యిత్తే నేను దిగేదాన్ని. లోపలికొచ్చి ఈయన మీదే సాక్ష్యం చెప్పేదాన్ని. తిండి తిండే, తగువు తగువే. తిండి పెట్టానని గట్టు ఇచ్చేసినట్టా? అలాగైతే ఊళ్లో సగం నేల ఎప్పుడో దానం అయిపోయేది."

జడ్జిగారు కళ్లజోడు కిందికి దించుకున్నారు. "పల్లాలయ్యగారూ, మీరు చెప్పండి. మీ మధ్య తగువుందా?"

పల్లాలయ్య నా వైపు చూడలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లేదండి. ఎప్పుడో పోయిందండి."

బెంచీ పట్టుకున్నాను. కళ్ల ముందు ట్యాంకు కూలిపోతున్నట్టే ఉంది. వకీలు కాగితాలు సర్దుకోవడం మొదలెట్టాడు. వెనక బెంచీలో వైనతేయ మొహం చేతుల్లో పెట్టుకుంది.

"సరే," అన్నారు జడ్జిగారు. "అయితే రాజీ నమోదు చేస్తాను. ఊరికే రాజీ అంటే కుదరదు, షరతులు రాయాలి. ఆ గట్టు ఎవరిది? చెట్టు ఎవరిది? చెప్పండి, రాసుకుంటాను."

"ఆయ్, అది మాదేనండి," అన్నాడు పల్లాలయ్య, ఎంతో మామూలుగా. "రాయి మా నాన్న పాతిన చోటే ఉంటదండి. ఒదినకీ తెలుసండి ఆ సంగతి."

"ఎవరికి తెలుసు?" అన్నాను.

"నీకేనొదినా. ఇప్పుడెందుకులే అవన్నీ..."

"ఎవరికి తెలుసు రా? మీ నాన్న పాతిన చోటా? మీ నాన్న జరిపిన చోటు! నేను పురిటికెళ్తే, ఇంట్లో మగాడు లేడని చూసి, గునపంతో పెళ్లగించి ఇటు పాతాడు. దొంగలా పాతాడు!"

"ఒదినా, మా నాన్నని దొంగనకు."

"దొంగే. వందసార్లంటాను."

"మీ ఆయన గట్టు కింద కాలవ తవ్వితే రాయి ఒరిగిపోయింది! ఒరిగినదాన్ని మా నాన్న నిలబెట్టాడు. పుణ్యానికి పోతే దొంగన్నారు. ఆ మాటతోనే పోయాడాయన. మంచంలో కూడా అదే అన్నాడు, నేను జరపలేదురా పల్లాలూ అని. నీకేం తెలుసు?"

"మా ఆయన కాలవ తవ్వింది తూరుపు పక్క. గట్టు పడమర. కళ్లు లేవా నీకు?"

"తూరుపా? తూరుపంట! చూడండి జడ్జిగారూ, ఈవిడికి దిక్కులు కూడా తెలీవండి!"

వకీలు మధ్యకొచ్చాడు. "అమ్మా, తాతగారూ, ఆ గట్టు ఇప్పుడు అంత లోతు నీళ్ల కింద ఉంది. ఎటుంటే ఏమిటి..."

"నువ్వు నోరు మూసుకో బాబూ!" అన్నాం ఇద్దరం.

జడ్జిగారు ఆపలేదు. మేం అలిసిపోయేదాకా రాసుకుంటూ కూర్చున్నారు. తల వంచుకుని ఉన్నారు, నవ్వారో లేదో చెప్పలేను. తరవాత అందరికీ వినపడేలా చదివారు. తగువు ఉంది, అది నిజమైనదే. మండలి అర్జీ కొట్టేశాను. ఈ దావా తీరేవరకు నక్కవారిలంక ఈ కోర్టు పరిధిలోని ఊరే. ట్యాంకును ఎవరూ తాకరాదు. నేల కొలిచే వీలు కలిగినప్పుడు కమీషనరును పంపి గట్టు కొలిపిస్తాను. అంతవరకు విచారణ మార్గశిరానికి వాయిదా.

వాయిదా. ఆ మాట నిండుగా ఒక మనిషి నోట విని ఎన్నాళ్లయిందో. సిరస్తాదారు గుమ్మంలోకి వెళ్లి దాన్ని మళ్లీ గట్టిగా చెప్పాడు. బయట వినేవాళ్లెవరూ లేరు.

జడ్జిగారు లేవబోతూ ఆగారు. "ఒక్క సంగతి. ప్రతి వాయిదాకూ ఇద్దరూ హాజరు కావాలి. వాది రాకపోతే దావా కొట్టేయాలి. ప్రతివాది రాకపోతే వాదికే డిక్రీ ఇచ్చేయాలి. ఏది జరిగినా దావా తీరిపోయినట్టే. అర్థమైందా?"

అర్థమైంది. పల్లాలయ్య రాకపోతే నేను గెలుస్తాను. నేను గెలిస్తే ఊరు పోతుంది.

అతను నాకు చెయ్యివ్వలేదు. ముందే వెళ్లి లాంచీలో కూర్చున్నాడు.

వాంగ్మూలం ఎనిమిది. కార్తీకం, పౌర్ణమి పోటు.

ఇన్నాళ్లూ ఈ పెట్టె ముందు కూర్చోబుద్ధి కాలేదు.

ఆ రోజు ఊరంతా సంబరం చేసుకుంది. ట్యాంకు మీద దీపాలు పెట్టారు, నా మెళ్లో దండ వేశారు. పల్లాలయ్యకు వెయ్యడానికి వెళ్తే తలుపు తియ్యలేదు. మర్నాడు తన ఇంటి తాడు విప్పుకుని ట్యాంకు అవతలి స్తంభానికి కట్టుకున్నాడు. ఇప్పుడు నా గుమ్మంలోంచి చూస్తే అతని ఇల్లు కనపడదు.

పట్టించుకోలేదు మొదట్లో. అలుగుతాడు, ఆకలేస్తే వస్తాడనుకున్నాను. అన్నం పంపితే గిన్నె అలాగే తిరిగొచ్చింది. రేషను పడవ వచ్చినప్పుడు నా బస్తా వేరే ఎవరో మోశారు. అతను పక్కనే నిలబడి కూడా నా వైపు తిరగలేదు.

"ఊరు నిలబెట్టడానికి అలా అన్నావని చెప్తే సరిపోద్దిగా మామ్మా," అంది వైనతేయ.

"నిజం అనే అన్నాను. ఊరి కోసం కాదు."

"దొంగ అని కూడానా?"

ఆ రాయి జరిగింది, అది నాకు తెలుసు. ఆ ముసలాయన మంచంలో పల్లాలయ్యతో ఏమన్నాడో ఆ రోజు కోర్టులోనే మొదటిసారి విన్నాను. అన్నేళ్లు ఒకే పంటు మీద తిరిగాం, ఒక్కసారి కూడా చెప్పలేదు. గేటు ఇవతల తగువు మాట ఎత్తకూడదని కదా మా పద్ధతి. అందుకని అది ఎన్నడూ నా దాకా రాలేదు.

"ఆ మట్టి కుండీ ఏం చేశాడు?" అని అడిగాను.

"వకీలుకి తిరిగి పంపేశాడు. వద్దన్నాను నేను. ఊరు అమ్ముకున్నానని ఎవరూ అనకూడదన్నాడు." మళ్లీ తనే అంది: "తాత సరిగ్గా తినట్లేదు మామ్మా. వాయిదాకి నేను రానంటున్నాడు. ఆ ముసల్దాని మొహం చూడను, అదే గెలుచుకోనీ అంటున్నాడు."

వాంగ్మూలం తొమ్మిది. మార్గశిరం. వాయిదా రోజు.

తెల్లారేసరికి లాంచీ ఎక్కి కూర్చున్నాను. మంచి చీర కట్టుకున్నాను, పాత కోర్టు రోజుల్లోలాగే తల నున్నగా దువ్వుకున్నాను. మంచు దట్టంగా ఉంది. ఊళ్లోవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. అందరూ ట్యాంకు అవతలికే చూస్తున్నారు.

వైనతేయ ఇంజను తిప్పి ఊరుకుంది. "వేళవుతోంది మామ్మా."

"ఉండు."

"ఆలస్యమైతే నువ్వు కూడా వాయిదా అందుకోలేవు."

"ఉండమన్నానా!"

పిలుద్దామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. ఏమని పిలవాలి? క్షమించు అందామంటే రాయి జరగలేదన్నట్టవుతుంది. రా అంటే బతిమాలినట్టవుతుంది. చివరికి ఆ మంచులోకి నా గొంతు ఉన్నంత మేరా అరిచాను, బిళ్లబంట్రోతు అరిచినట్టే.

"కుడుపూడి పల్లాలయ్యా! కుడుపూడి పల్లాలయ్యా! కుడుపూడి పల్లాలయ్యా!"

ట్యాంకుకు తగిలి పేరు తిరిగొచ్చింది. తరవాత తెడ్డు చప్పుడు. చిన్న దోనెలో వచ్చాడు, తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, బాగా చిక్కిపోయాడు. లాంచీ ఎక్కేటప్పుడు తూలాడు. నేను చెయ్యి చాపాను. పట్టుకోలేదు, కమ్మీ పట్టుకుని ఎక్కాడు. అటు చివర నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"మా నాన్న దొంగ కాదు," అన్నాడు నీళ్ల వైపు చూస్తూ. "అది జడ్జిగారి ముందు తేల్చాకే చత్తాను. ఎన్ని వాయిదాలైనా సరే."

"తేల్చు చూద్దాం," అన్నాను.

"తేల్చేత్తాను!"

వైనతేయ లాంచీ వదిలింది.